సంచిక సంఖ్య 17,947

ఆ ఊళ్లో సాయంత్రం నాలుగింటికి బయటికొచ్చే పత్రిక ఒకటుంది. నాలుగే పేజీలు. పొద్దున్నే వచ్చే పెద్ద పత్రికలు ప్రపంచాన్నంతా మోసుకొస్తే, ఇది మాత్రం ఎవరి గొడుగు పోయింది, రేపు ఏ వీధికి నీళ్లు రావు, ఏ బస్సు దారి మారింది లాంటి అసలు సంగతులు మోసుకొస్తుంది. టీ కప్పు పట్టుకుని మొదలుపెడితే కప్పు ఖాళీ అయ్యేలోపు పత్రిక కూడా అయిపోతుంది. అందుకే జనానికి అదంటే అంత ప్రేమ.

ఆ పత్రికకి ఒక వింత అలవాటుంది. మొదటి పేజీలో పేరు కింద సంచిక సంఖ్య వేస్తారు కదా, దాని పక్కనే రెండు వేళ్ల వెడల్పున ఒక గడి ఉంటుంది. పైన ‘నేటి సంఖ్య’ అని శీర్షిక. ఆ రోజు సంచిక సంఖ్య ఎంతో, దాని గుణగణాలేమిటో అందులో రాస్తారు. సరా, బేసా, దేనితో శేషం లేకుండా పోతుంది, దేనితో పోదు, ఏ వర్గ సంఖ్యకి దగ్గర చుట్టం, వెనక నుంచి చదివితే ఏమవుతుంది... పనిలో చేరడానికి వచ్చినవాడి గురించి నాలుగిళ్లలో వాకబు చేసి చెప్పినట్టు అన్నీ చెబుతారు. వెనకటికి పత్రిక పెట్టిన కొత్తలో పెద్దాయనకి పేజీ కూర్పులో అక్కడ కాస్త ఖాళీ మిగిలిందట. ఖాళీ కనిపిస్తే ఆయనకి ఒళ్లు మంట. చేతికందిన మొదటి విషయం ఆ పక్కనున్న అంకే కాబట్టి దాని గురించి రెండు ముక్కలు రాసి పడేశారు. మర్నాడు కూడా అక్కడ ఖాళీ మిగిలింది. అలా మొదలైన గడి మరి ఆగలేదు.

ఇప్పుడు ఆ గడి రాసేది ఆయన కోడలు. అచ్చాఫీసు వాళ్లు ఆవిడకి ‘అంకెలమ్మ’ అని పేరు పెట్టారు. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు, ఇప్పుడు సొంత మొగుడు కూడా అప్పుడప్పుడు నోరు జారి అదే పేరుతో పిలుస్తాడు.

అసలు అంకెలమ్మ ఆ ఇంటికి కోడలుగా రావడానికి కారణం కూడా ఆ గడే. పాతికేళ్ల కిందటి మాట. 10,001వ సంచికలో పెద్దాయన అది ప్రధాన సంఖ్య అని ధీమాగా రాసేశారు. ప్రధాన సంఖ్య అంటే ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంకెవరితోనూ పోనిది. అన్ని గింజలిచ్చి సమానమైన వరసల్లో పేర్చమంటే, ఒకే ఒక్క పొడుగాటి వరస తప్ప ఇంకోలా పేర్చలేం. అలాంటి సంఖ్య అన్నారు ఆయన. మర్నాడు కాలేజీ పిల్ల ఒకత్తి పుస్తకాలు చంకలో పెట్టుకుని ఆఫీసులోకి దూసుకొచ్చి, నలుగురూ వింటూండగా, “పది వేల ఒకటి ప్రధాన సంఖ్య కాదండీ. డెబ్బై మూడు ఇంటూ నూట ముప్పై ఏడు” అని కుండబద్దలు కొట్టింది. పెద్దాయన కాగితం మీద గుణించి చూసుకుని, కళ్లజోడు తీసి తుడుచుకుని, “ఎవరమ్మాయివి తల్లీ?” అని అడిగారు. అచ్చుయంత్రం వెనకాల ఆయన కొడుకు అప్పటికే నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు. పెళ్లయిన మర్నాడే పెద్దాయన గడి కోడలి చేతిలో పెట్టి, “ఇకనించి దీని పాట్లు నీవే” అన్నారు.

అప్పటినించి గడిలో తప్పన్నది పడలేదు. సంఖ్య వచ్చిన రోజు దాని వెంటపడటం కాదు, వారం ముందే దాన్ని పలకరించి పెట్టుకుంటుంది అంకెలమ్మ. కూరలు కొంటూ, బట్టలు ఆరేస్తూ, పదమూడుతో పోతుందా, పదిహేడుతో పోతుందా అని లోపల్లోపల భాగిస్తూనే ఉంటుంది. ఆవిడ పెదవులు కదలడం చూసి కొత్తవాళ్లు జపం చేసుకుంటోందనుకుంటారు.

అంత నిశ్చింతగా సాగిపోతున్న గడి మీద ఆడపడుచు కన్ను పడింది.

ఆడపడుచు అర్ధమొగుడు అని ఊరికే అనలేదు పెద్దలు. ఈవిడైతే ముప్పాతిక మొగుడనే చెప్పాలి. పక్క వీధిలోనే కాపురం, పత్రికకి ప్రకటనలు తెచ్చే పని ఆవిడది. కాలికి బలపం కట్టుకుని పొద్దున్నించీ కొట్టు కొట్టూ తిరుగుతుంది. ఆవిడ సంచీ పట్టుకుని వీధి మొదట్లో కనిపించిందంటే కొట్లవాళ్లు ఎందుకైనా మంచిదని కుర్చీ ఒకటి తుడిచి పెడతారు. మనసు మంచిదే గానీ ఆ సంగతి గొంతుకి ఎవరూ చెప్పలేదు.

ఆవేళ 17,946వ సంచిక. ‘ఇది రెండు, తొమ్మిది, 997ల లబ్ధం. మూడంకెల ప్రధాన సంఖ్యల్లో అన్నిటికంటే పెద్దది దీని కడుపులో దాక్కుంది’ అని గడిలో రాసి, పేజీ యంత్రం ఎక్కాక అంకెలమ్మ టీ తాగుతోంది. వదిన వచ్చి ఎదురుగా కూర్చుంది.

“ఏమ్మా, నీ గడి నాకిచ్చెయ్యాలి.”

“గడి ఇచ్చెయ్యడమేంటి వదినా? గొడుగా, అడగ్గానే ఇవ్వడానికి?”

“పరుపుల కొట్టాయన ఏడాది పొడుగునా రోజూ ప్రకటన వేస్తానంటున్నాడు. మొదటి పేజీలో కావాలట, చూపు పడేచోట. పేజీ అంతా వెతికాను. అలాంటి చోటు ఒక్కటే ఉంది, దాంట్లో నువ్వు అంకెలు ఆరేశావు.”

“చూపు పడేచోటని నువ్వే అంటున్నావు. పడితే చదవరూ?”

“చూపు పడుతుంది, జారిపోతుంది. నాలాగే. ఇన్నేళ్లలో నీ గడి గురించి ఒక్క ఫోనొచ్చిందా? ఒక్క ఉత్తరం? గొడుగు పోయినవాడు ఫోన్ చేస్తాడు, గొడుగు దొరికినవాడు చేస్తాడు. నీ అంకె గురించి ఎవడైనా చేశాడా?”

ఎవరూ చెయ్యలేదు. ఆ మాట వదిన ఇవాళ అన్నది గానీ, అంకెలమ్మ తనకి తను చాలాసార్లే అనుకుంది. నూతిలోకి తొంగిచూసి మాట్లాడుతున్నట్టు, ఇన్నేళ్లూ తను చెప్పింది తనకే వినిపిస్తోందేమో.

“ఇంకో నెల ఆగు వదినా,” అంది చివరికి, బతిమాలుతున్నట్టే. “17,971 వస్తోంది.”

“వస్తే? స్టేషనుకెళ్లి తీసుకురావాలా?”

“అది కాదు. ఎటు నించి చదివినా అదే, పైగా ప్రధాన సంఖ్య. రెండూ ఉన్నవి ఎప్పుడో గానీ రావు. దానికోసం ఎన్నాళ్లనించో చూస్తున్నాను. అది రాయకుండా ఎలా...” మాట ఆపి కప్పు ఎత్తింది. టీ మింగి సర్దుకుంది.

వదిన ఆ మొహం చూసి కాస్త తగ్గింది. కానీ తగ్గినట్టు కనిపించడం ఆవిడకి చేతకాదు. “సరే, నేనేం రాక్షసిని కాదు. పందెం వేద్దాం. రేపటి గడిలో కావాలని ఒక తప్పు రాయి. ఎల్లుండి మధ్యాహ్నం పన్నెండు లోపల, పేజీలు కట్టేలోపు, తప్పని చెప్పడానికి ఆఫీసు ఫోను ఒక్కసారి మోగితే గడి నీదే. మళ్లీ దాని జోలికి రాను. మోగకపోతే పరుపులాయనది. నాన్నకి మాత్రం చెప్పకు. చెబితే ఆయనే ఎవరిచేతో ఫోన్ చేయిస్తాడు.”

“కావాలని తప్పా?” అంకెలమ్మ కప్పు కింద పెట్టేసింది. పాలలో నీళ్లు కలపమన్నా అంత బాధపడేది కాదు.

“మరి ఎవరూ చదవని గడిలో తప్పుంటేనేం, ఒప్పుంటేనేం?”

ఆ మాటతో అంకెలమ్మకి రోషం వచ్చింది. రోషం వచ్చిన మనిషి పందేనికి ఒప్పుకోకుండా ఉండదు. యంత్రం దగ్గర చేతులు తుడుచుకుంటున్న మొగుణ్ణి మధ్యవర్తిగా పెట్టారు. అక్కకీ పెళ్లానికీ మధ్య తీర్పరిగా నిలబడే అదృష్టం తనకే పట్టినందుకు ఆయన గోడవైపు తిరిగి ఒక దణ్ణం పెట్టుకున్నాడు.

ఇంటికెళ్లాక అంకెలమ్మ 17,947ని ముందేసుకుని కూర్చుంది. ఈ సంఖ్యని వారం కిందటే పలకరించింది గానీ, ఇప్పుడు చూస్తే అది అబద్ధానికే పుట్టినట్టు కనిపించింది. ప్రధానమా కాదా తేల్చాలంటే మూడు, ఏడు, పదకొండు అనుకుంటూ ఒక్కొక్క ప్రధాన సంఖ్య తలుపూ తట్టుకుంటూ పోవాలి. అలా దాని వర్గమూలం దాకా వెళ్తే చాలు, ఆ తర్వాత తట్టక్కర్లేదు. ఇక్కడ వర్గమూలం 134కి వెంట్రుకవాసి తక్కువ. పదమూడు తలుపు తియ్యదు. ఇరవై తొమ్మిది తియ్యదు. నూట మూడు, నూట పదమూడు, నూట ఇరవై ఏడు, ఎవరూ తియ్యరు. ఇక ప్రధాన సంఖ్యేలే అని వెనక్కి తిరగబోతే, వీధి చిట్టచివర నూట ముప్పై ఒకటి తలుపు తీస్తుంది. నూట ముప్పై ఒకటి ఇంటూ నూట ముప్పై ఏడు. ఓపిక లేనివాడు ఎవడైనా అంతకు ముందే ఇంటికెళ్లిపోతాడు.

నూట ముప్పై ఏడుని చూసి అంకెలమ్మకి నవ్వొచ్చింది. పది వేల ఒకటిలో దాక్కుని తనని ఈ ఇంటికి తెచ్చింది అదే. ఇప్పుడు గడి పోగొట్టడానికీ అదే తయారైంది.

“ఇంత కష్టమైన తప్పెందుకు?” అన్నాడు మొగుడు, తీర్పరితనం మర్చిపోయి. “సరి సంఖ్యని బేసి అని రాయి. చంటిపిల్లాడు కూడా ఫోన్ చేస్తాడు.”

“అది అచ్చుతప్పనుకుంటారండీ. ఇది ప్రధాన సంఖ్య అని రాస్తే అది నా తప్పే అవుతుంది. నన్ను చదివేవాళ్లంటూ ఉంటే దాన్నే పట్టుకోవాలి.”

మర్నాడు పొద్దున గడిలో ఇలా రాసింది: ‘17,947 ప్రధాన సంఖ్య. ఒకటీ తనూ తప్ప దీన్ని ఏ సంఖ్యా భాగించలేదు. గట్టిపిండం.’ రాస్తూండగా చెవులు వేడెక్కాయి.

పేజీ యంత్రం ఎక్కేముందు చివరి ప్రూఫు పెద్దాయన చూడాలి. ఎనభై దాటినా ఆ పని ఎవరికీ ఇవ్వలేదు. కామా కాలు వంకర పోయినా ఒప్పుకోని మనిషి. అంకెలమ్మ తేలు కుట్టిన దొంగలా పక్కన నిలబడింది. ఆయన ఎర్రకలం పేజీ మీద నడుచుకుంటూ వచ్చి గడి దగ్గర ఆగింది. కళ్లజోడు సర్దుకున్నారు. కలం కొస గడి మీద కాసేపు అలాగే ఉంది. తర్వాత పైకి లేచి, పేజీ కింద సంతకం పెట్టి, “కానివ్వండి” అన్నారు.

పందేనికి అది మంచిదే. అయినా అంకెలమ్మకి మనసు చివుక్కుమంది. మామయ్య కూడా పట్టుకోలేదంటే ఇంకెవరు పట్టుకుంటారు? ఆ గడిని కన్నవాడే ఆయన.

సాయంత్రం పత్రిక వీధుల్లోకి వెళ్లింది. ఆఫీసు మూసేదాకా అంకెలమ్మ ఫోను పక్కనే కూర్చుంది. మోగకపోవడమేం, బాగానే మోగింది. ఒకరికి గొడుగు పోయింది. ఒకాయనకి బస్సు టైము కావాలి. ఇంకొకాయన ఇది చెప్పుల కొట్టేనా అని అడిగి, కాదంటే, మరి చెప్పుల కొట్టు నంబరు మీకు తెలుసా అని అడిగాడు. అంకె మాట ఎత్తినవాడు లేడు.

మర్నాడు పొద్దున ఆఫీసుకి నడిచి వెళ్తూంటే ఊరు కొంచెం తేడాగా అనిపించింది. మందుల షాపావిడ ఎప్పుడూ చెయ్యెత్తి పలకరించి ఊరుకుంటుంది. ఇవాళ మాత్రం మెట్లు దిగొచ్చి చెయ్యి పట్టుకుంది. “నిద్ర సరిగ్గా పడుతోందామ్మా? ఇంట్లో పనెక్కువైందా?” అని అడిగి, జవాబు వినకుండానే, “మరీ ఒళ్లు అరగదీసుకోకండి” అని లోపలికెళ్లిపోయింది. మంగలి షాపతను ఆవిణ్ణి చూసి గబుక్కున అద్దం వైపు తిరిగాడు. బ్యాంకు మేనేజరు ఎదురొచ్చి, “ఏనుగుకైనా కాలు జారుతుంది, అంతమాత్రాన...” అని ఆగి, “ఎండ బాగా ఉంది కదండీ” అని ముగించాడు. ఆకాశం నిండా మబ్బులున్నాయి.

వీళ్లందరికీ ఏమొచ్చిందో అంకెలమ్మకి అంతుపట్టలేదు. ఆవిడ బుర్ర నిండా ఫోనే ఉంది. వదినకి కొంచెం బుద్ధి పుడితే బాగుణ్ణని ఒకసారి, అసలు తనకి పందెం వేసే బుద్ధి ఎందుకు పుట్టిందని ఒకసారి అనుకుంటూ ఆఫీసు చేరింది.

పదయింది. పదకొండు దాటింది. ఫోను కుక్కిన పేనులా పడి ఉంది. ఆఖరికి చెప్పుల కొట్టు నంబరు అడిగినాయన కూడా చెయ్యలేదు. పేజీ కూర్పు బల్ల దగ్గర మొగుడు గడియారాన్నీ పెళ్లాన్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. లోపలి గదిలో పెద్దాయన పడక్కుర్చీలో కళ్లు మూసుకున్నారు. అంకెలమ్మ ఆ రోజు గడి రాయడానికి తెల్లకాగితం తీసింది. ఇదే ఆఖరిదైతే ఏం రాయాలి? సెలవు తీసుకుంటున్నానని రాస్తే, ఎవరి దగ్గర తీసుకుంటున్నట్టు? చదివేవాళ్లుంటే కదా సెలవు చెప్పడానికి. 17,971 పాపం, ఎటు నించి చదివినా ఒకటే అయిన ఆ సంఖ్య, ఏ పక్కనించీ ఎవరూ చదవకుండానే వెళ్లిపోతుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సంఖ్య కోసం ఏడ్చే మనిషిని చూస్తే జనం నవ్వుతారని తెలుసు. తెలిసినంత మాత్రాన నీళ్లు ఆగవు.

అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది. వదిన లోపలికొచ్చి, సంచీ బల్ల మీద విసిరి, కుర్చీలో కూలబడింది. “మంచినీళ్లియ్యి” అంది. గెలిచిన మొహం కాదది. ఎవరితోనో దెబ్బలాడి, సగంలో మాట మర్చిపోయి వచ్చిన మొహం.

నీళ్లు గటగటా తాగి గ్లాసు ఠక్కున పెట్టింది. “ఈ ఊరివాళ్లు నన్ను ఏమనుకుంటున్నారే అసలు?”

“ఏమైంది వదినా?”

“ఏమైందా! పొద్దున్నే మందుల షాపుకి వెళ్లానా, ఆవిడ నన్ను మూలకి లాగి, ‘మీ మరదలు నిన్న గడిలో పప్పులో కాలేసింది, నూట ముప్పై ఒకటితో పోతుంది, మెల్లిగా చెవిన వెయ్యండి, పెద్దాయనకి మాత్రం తెలియనివ్వకండి’ అంది. ఇదేం ఖర్మ అనుకుని మంగలి షాపుకెళ్తే వాడూ అదే మాట. సగం గెడ్డం గీయించుకున్నాయన కూడా సబ్బు నురగలోంచి ‘ఇంటూ నూట ముప్పై ఏడు’ అంటాడు. బ్యాంకు మేనేజరు తలుపేసి మరీ చెప్పాడు. ‘ఇన్నేళ్లలో మొదటి తప్పండీ, ఫోన్ చేద్దామనుకున్నాను, ఎవరెత్తుతారో ఏమో, పెద్దాయన ఎత్తితే కోడల్ని కేకలేస్తారేమో’ అని. ఆ తర్వాత...” వదిన ఆగి ఊపిరి పీల్చుకుంది. “ఆ తర్వాత అందరూ ఒకటే మాట. ‘మీరు కూడా ఆవిణ్ణి ఏమీ అనకండమ్మా.’ నేను! నేనేమంటాను? నేను నిన్ను కొరుక్కు తింటున్నట్టు, ఒక్కొక్కడూ నా చేతులు పట్టుకుని బతిమాలడం!”

అంకెలమ్మ చేతిలో కలం జారి కింద పడింది. మేనేజరుగారి ఎండ ఇప్పుడు అర్థమైంది. మందుల షాపావిడ నిద్ర సంగతి ఎందుకడిగిందో, అద్దం వైపు తిరిగిన మంగలి ఏం దాచుకున్నాడో, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. వీధి చిట్టచివరి తలుపు దాకా వాళ్లందరూ వెళ్లారు. వెళ్లి, తలుపు తెరిచి చూసి, చప్పుడు కాకుండా మళ్లీ మూసేశారు.

“ఇంకా అవ్వలేదు,” అంది వదిన. “పరుపులాయన దగ్గరికెళ్లాను. ఆయన కొట్టు మధ్యలో నురగపరుపు ముక్కొకటి పడేసుకుని కూర్చున్నాడు. ‘చూడండమ్మా, వచ్చేవారం మీ సంచిక 17,956. అది నూట ముప్పై నాలుగు వర్గం. నిన్నటిది దానికి తొమ్మిది తక్కువ. అంటే చదరపు పరుపులో మూలని మూడు బై మూడు ముక్క కోసేసినట్టు’ అని నిజంగానే కోశాడు. కోసి, పక్కనున్న సన్నటి పట్టీని కూడా కోసి పైన అతికించాడు. చక్కగా నలుపలక అయి కూర్చుంది. ‘ఒకవైపు నూట ముప్పై ఒకటి, ఇంకోవైపు నూట ముప్పై ఏడు. ఇంత తేలిగ్గా విడిపోయేదాన్ని అమ్మ గట్టిపిండం అన్నారంటే ఒంట్లో బాగాలేదేమో కనుక్కోండి’ అన్నాడు. నా కళ్లెదురుగా మంచి పరుపు పాడుచేశాడు, నీ గడి కోసం!”

“మరి ప్రకటన?” అన్నాడు మొగుడు మెల్లిగా.

“అడిగాను. ఆ గడి తీసేసి మీది వేస్తున్నామని చెప్పాను. కత్తి కింద పెట్టి, ‘అదే పని చేస్తే పత్రికే మానేస్తాను, నాది కింద ఎక్కడైనా వేసుకోండి’ అన్నాడు.”

మొగుడు గొంతు సవరించుకున్నాడు. “అయితే అక్కా, గడి సంగతి తేలిపోయినట్టేగా?”

“ఎలా తేలుతుంది? పందెం పందెమే. ఆఫీసు ఫోను మోగాలన్నాం. మోగిందా?”

“మోగలేదు.”

“టైమెంత?”

“పన్నెండుకి రెండు నిమిషాలుంది.”

అంకెలమ్మ తల దించుకుంది. వదిన న్యాయం తప్పే మనిషి కాదు, అది ఆవిడకి తెలుసు. చదివేవాళ్లున్నారని తెలిసింది, అది చాలు, గడి పోయినా ఫరవాలేదు అనుకోబోయింది. అనుకోవడం కుదరలేదు. ఉన్నారని తెలిశాకే పోతే ఇంకా కష్టం.

వదిన సంచీలో చెయ్యి పెట్టి గాలించింది. కళ్లజోడు తీసి పెట్టుకుంది. తర్వాత సెల్‌ఫోను తీసి, ఒక్కొక్క అంకే గట్టిగా నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆఫీసు ఫోను మోగింది.

మోగుతూనే ఉంది. మొగుడూ పెళ్లామూ దానివైపు చూస్తూ కొయ్యబొమ్మల్లా నిలబడ్డారు.

“ఎత్తవేమే?” అంది వదిన, వెనక్కి తిరక్కుండానే. “అవతల పాఠకులు ఎంతసేపుండాలి?”

అంకెలమ్మ ఎత్తింది. “హలో.”

“పత్రికాఫీసా అండీ?” అదే మాట ఫోనులోంచి ఒక చెవికీ, గదిలోంచి ఇంకో చెవికీ వినిపించింది. “నిన్నటి మీ గడిలో తప్పుంది. అది ప్రధాన సంఖ్య కాదు. నూట ముప్పై ఒకటి ఇంటూ నూట ముప్పై ఏడు. కాస్త చూసుకుని రాయండి.”

“అలాగేనండీ” అంది అంకెలమ్మ. ఎవరు ఫోన్ చేసినా అడగాల్సిన మాట ఒకటుంది, అలవాటు కొద్దీ అడిగేసింది. “మీరెవరని రాసుకోమంటారు?”

వదిన కొంచెంసేపు ఆలోచించింది. “కొత్త పాఠకురాలు అని రాసుకో” అని ఫోను పెట్టేసింది. పెట్టేసి, ఇటు తిరిగి, “ఏడుస్తావేంటి, పన్నెండయింది, పేజీ కట్టండి” అని ఇద్దర్నీ కసిరింది. అంకెలమ్మ వెళ్లి ఆవిడ మెడ చుట్టూ చేతులేసింది. “చాల్లే, చాల్లే” అంటూనే వదిన కదలకుండా కూర్చుంది. మొగుడు ఎందుకైనా మంచిదని గడియారం వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

లోపలి గదిలో పడక్కుర్చీ కిర్రుమంది. పెద్దాయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. చేతిలో ఎర్రకలం ఉంది.

“అయిపోయిందా మీ నాటకం?” అన్నారు. “నిన్న ప్రూఫులోనే చూశాను. నూట ముప్పై ఏడుని నేను మర్చిపోతానా?”

“మరి దిద్దలేదేం మామయ్యా?” అంది అంకెలమ్మ. “చెప్పలేదేం?”

“నేను తప్పు రాసినప్పుడు నువ్వొచ్చి నలుగురి ముందూ చెప్పావు తల్లీ. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా,” అన్నారాయన. “పక్కన యంత్రం దగ్గర నలుగురూ ఉన్నారు. రేపు నువ్వే చూసుకుని దిద్దుకుంటావులే అనుకున్నాను.”

ఈ ఊరివాళ్లకి ఈ జబ్బు ఎక్కణ్ణించి అంటుకుందో అంకెలమ్మకి ఇప్పుడు తెలిసింది.

“ఇంతకీ,” అంది వదిన, కళ్లజోడు సంచీలో పెట్టుకుంటూ, “ఆ ప్రధాన సంఖ్యంటే ఏంటే? పొద్దున్నించీ అందరికీ అర్థమైనట్టు తలూపుతూ వచ్చాను.”

ఆవేళ పేజీ కట్టడం ఆలస్యమైంది. పత్రిక నాలుగున్నరకి గానీ రాలేదు. వీధుల్లో జనం టీ చల్లారబెట్టుకుని కూర్చున్నారు. మొదటి పేజీ అడుగున పరుపుల కొట్టు ప్రకటన అడ్డంగా హాయిగా పడుకుని ఉంది. పైన పేరు కింద, ఎప్పటిచోటే, గడి ఉంది:

‘నేటి సంఖ్య 17,948. నాలుగు, ఏడు, 641ల లబ్ధం. నెమ్మదైన సంఖ్య, ఎవరు అడిగినా విడిపోతుంది. సవరణ: నిన్నటి 17,947 ప్రధాన సంఖ్య కాదు. ఆ సంగతి మీ అందరికీ తెలుసని మాకు ఇవాళే తెలిసింది.’